అప్పగింతల తర్వాత పాట

లూర్ద్ తెచ్చిన రేకు డబ్బా దగ్గు బిళ్ళలది. మూత మీద బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది. తీయగానే నువ్వుల నూనె వాసన వచ్చింది, దాని కింద సన్నగా కర్పూరంలాంటి ఘాటు. బహ్రెయిన్ ఈసా టౌన్‌లో నేను స్టోర్‌కీపరుగా ఉన్న స్కూల్లో, చాక్‌పీసు పెట్టెల మధ్య కుర్చీ వేసుకుని, అరవై దాటిన మనిషిని డబ్బాలో ముక్కు పెట్టి కూర్చుంటే ఆ అమ్మాయి నవ్వింది. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకూ యాభై దగ్గర పడుతోంది. నాకు మాత్రం ఆమె ఇంకా రోజారియో మాస్టారి కూతురే. మనామాలో కోల్డ్ స్టోర్ అని పిలిచే కిరాణా కొట్టు మీది రెండు గదుల ఇంట్లో, నేను క్లారినెట్టు ఊదుతుంటే చెవులు మూసుకుని హోంవర్కు చేసుకునే రెండు జడల పిల్లే. "మమ్మీ పోయాక గోవాలో ఇల్లు సర్దుతుంటే దొరికింది అంకుల్. డాడీ దీన్ని జపమాల పక్కన దాచుకున్నారు. లోపల కాగితం మీద మీ పేరుంది" అంది. డబ్బాలో నాలుగు రీడులున్నాయి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. కాగితం నిండా ఇంగ్లీషు పద్ధతి స్వరాల గీతలు. అవి చదవడం నాకు ఈనాటికీ రాదు. ఆ సంగతి తెలిసినాయన కాబట్టి ప్రతి గీత కిందా పెన్సిలుతో స రి గ మలు ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. అడుగున "సత్యం. ఆఖరి రౌండు" అని ఉంది. లూర్ద్‌కి టీ ఇచ్చాను, ఆమె కాళ్ళ నొప్పుల గురించీ గోవా వానల గురించీ అడిగాను, గేటు దాకా సాగనంపాను. తిరిగొచ్చి స్టోర్‌రూం తలుపేసుకుని కాసేపు ఏడ్చాను.

ఎందుకో చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి. ఆయన బ్యాండు మేళంలో క్లారినెట్టు. తుని చుట్టుపక్కల పాతికూళ్ళలో పెళ్ళంటే ఆయన మేళమే. ముహూర్తాల రోజుల్లో మా నడవా నిండా ఎర్రకోట్లు ఆరేసి ఉండేవి. కోట్లకున్న కలరా ఉండల వాసన, బాకాలు తోమిన చింతపండు వాసన, క్లారినెట్టు కట్టెకు పట్టించిన నువ్వుల నూనె వాసన, మూడూ కలిస్తే పెళ్ళిళ్ళ కాలం వచ్చినట్టు. మేళానికి వెళ్ళే రోజు నాన్న పొద్దున్నే రీడు బుగ్గన పెట్టుకునేవాడు. రీడంటే క్లారినెట్టు మూతికి బిగించే పల్చటి రెల్లు బద్ద, అది తడిసి మెత్తబడితేగానీ పలకదు. అది బుగ్గన ఉన్నంతసేపూ ఆయన నోరు విప్పడు. ఆయన్ని కడిగేయడానికి అమ్మకు ఏడాది మొత్తం మీద అనువైన సమయం అదొక్కటే. పుట్టింటికి పంపలేదనీ, అత్తగారి ముందు తనని వెనకేసుకు రాలేదనీ, అన్నీ అప్పుడే ఏకరువు పెట్టేది. నాన్న బుగ్గ ఉబ్బించుకుని బుద్ధిమంతుడిలా తలూపుతూ వినేవాడు. తిట్లు పూర్తయ్యేసరికి రీడు నానేది.

పెళ్ళిలో మిగతా పాటలన్నీ ఒక ఎత్తు, అప్పగింతలు ఒక ఎత్తు. పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తవారి చేతుల్లో పెట్టే వేళకి డోలు ఆపించేసి నాన్న ఒక్కడే ఊదేవాడు. మెల్లగా పైకి వెళ్తూ వెళ్తూ ఒకచోట స్వరం విరిగేది, ఏడ్చే మనిషికి గొంతులో మాట అడ్డుపడ్డట్టు. ఆ విరుపు దగ్గర తల్లి కూలబడిపోయేది, మీసాలు తిప్పుకునే మేనమామలు స్తంభం చాటుకి వెళ్ళేవాళ్ళు. అప్పగింతల్లో జనం ఏడవకపోతే ఆ మేళం మేళమే కాదని మా వైపు మాట. మా ఇంట్లో దానికి ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. అప్పగింతలు అయ్యాక ఇక ఒక్క స్వరం కూడా ఊదకూడదు. నాన్న రీడు ఊడదీసి, కండువాతో తుడిచి, జేబులో వేసుకునేవాడు. ఆయన రీడు తీశాడంటే పెళ్ళి అయిపోయినట్టే. కరణాలు అడిగినా మునసబులు అడిగినా మళ్ళీ పెట్టేవాడు కాదు.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో ఆ పాట నా చేతిలో పెట్టాడు. ఈ రోజు పందిరి మొత్తాన్ని ఏడిపించి తీరాలని ఊపిరంతా కూడగట్టి ఊదాను. సరిగ్గా విరుపు దగ్గర తోక తొక్కిన పిల్లిలా రీడు కీచుమంది. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత ఆడంగులు, చివరికి పాలలో చేతులు పెట్టుకున్న పెళ్ళికూతురు కూడా కిసుక్కున నవ్వేసింది. నాన్న నా చేతిలోంచి క్లారినెట్టు తీసుకుని మిగతాది తనే పూర్తి చేశాడు. ఇంటికి నడుస్తూ ఊరి పొలిమేర దాకా వచ్చాం. అక్కడ ఆగి, "ఏడిపించాలని చూశావురా. ఏడుపు నీ దగ్గరుంటే కదా, ఇంకోళ్ళకి ఇవ్వడానికి" అన్నాడు. తిట్టి ఉన్నా బావుండేది. ఆ తర్వాత నేను మేళానికి వెళ్ళలేదు. ఆ ఏడే ఒక ఏజెంటు బహ్రెయిన్‌కి మనుషుల్ని పంపుతున్నాడంటే పేరిచ్చేశాను. ట్రంకు పెట్టె సర్దుతుంటే నాన్న తన పాత క్లారినెట్టు గుడ్డలో చుట్టి అడుగున పెట్టాడు. "రాళ్ళు మోయడానికి పోయేవాడికి అదెందుకండీ?" అంది అమ్మ. "ఉండనీయవే, అన్నం పెట్టమంటుందా ఏంటి" అన్నాడు.

సల్మాబాద్ కూలీల క్యాంపులో మా గదికి ఎనిమిది మందిమి. నా పై మంచం మల్లేశంది. జగిత్యాల దగ్గర ఊరు. బహ్రెయిన్‌లో ఉంటూ కూడా ఇంటికి రాసే ప్రతి ఉత్తరంలో "నేను దుబాయిల మంచిగున్న" అని రాసేవాడు. మొదటి సెలవు రోజున నేను పెట్టె తీసి రెండు స్వరాలు పలికించానో లేదో పైనుంచి తల వేలాడేశాడు. "ఏందిరా సత్తెం, ఇంటికాడ ఎవలన్న సచ్చిండ్రా? గా పీక బంద్ వెట్టు, వారానికొక్క దినమే కండ్లనిండ పంటం." అప్పట్నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ సైటులో పడి ఉన్న పెద్ద సిమెంటు గొట్టంలో దూరి ఊదుకునేవాణ్ణి. లోపల కొలిమిలా ఉండేది. ఎంత ఊదినా ఆ విరుపు మాత్రం పలికేది కాదు. నాన్న మాటే నిజమని నాకు రూఢి అయిపోయింది.

అలాంటి రోజుల్లో మనామాలో ఒక హోటలుకి సీలింగు పనికి పంపారు. డాన్సు హాల్లో పరంజా మీద నేను పలకలు బిగిస్తున్నాను, కింద బ్యాండు వాళ్ళు సాయంత్రం కోసం సాధన చేసుకుంటున్నారు. గంతులేయించే విదేశీ పాట. నేనేమీ పట్టించుకోలేదు. ఉన్నట్టుండి మధ్యలో క్లారినెట్టు పైకి లేచి, ఎక్కడ విరగాలో సరిగ్గా అక్కడే విరిగింది. నాన్న ఇక్కడికి ఎప్పుడొచ్చాడా అనిపించింది. చేతిలో పలక పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఫోర్‌మన్ కిందనుంచి "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ అరుస్తున్నాడు. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అన్నాల వేళ దిగి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. బట్టతల, మేజోళ్ళు లేని బూట్లు, నోట్లో దగ్గు బిళ్ళ. "ఈ ఏడుపు మా నాన్నది. మీకెలా వచ్చింది?" అన్నాను నా వంకర హిందీలో. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నీ నాన్న యూదుడా బాబా?" అన్నాడు.

రోజారియో మాస్టారు గోవా మనిషి, కుర్రతనమంతా బొంబాయి హోటళ్ళ డాన్సు బ్యాండ్లలో గడిపినవాడు. తర్వాత ప్రతి శుక్రవారం క్యాంపు బస్సులో మనామా వెళ్ళి ఆయన ఇంట్లో తేలేవాణ్ణి. మెట్లెక్కుతుంటేనే వెనిగరు, ఎండు రొయ్యలు, వేయించిన కొబ్బరి వాసనలు ఎదురొచ్చేవి. మాస్టారి భార్య, మా ఆంటీ, ముందు అన్నం పెట్టేది, తిన్నాకే పాఠం. మాస్టారికి నువ్వుల నూనె అలవాటు చేసింది నేనే. తాతకు దగ్గులు నేర్పినట్టు, కట్టెకు మీరు పట్టించే ఆ సీసా నూనె పనికిరాదని మొదటి రోజే చెప్పాను. ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. ఆ ఏడుపు కథ మాత్రం వారానికో ముక్కగా చెప్పేవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పోలండు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని బొంబాయి చేరిన ఒక ముసలాయన మాస్టారి బ్యాండులో పక్క కుర్చీలో కూర్చునేవాడట. ఆయన వంశమంతా పెళ్ళిళ్ళలో వాయించే యూదుల మేళం. ఆ సంగీతాన్ని క్లెజ్మర్ అంటారట. వాళ్ళ పెళ్ళిలో ముందు పెళ్ళికూతుర్ని కుర్చీలో కూర్చోబెడతారు, ఒకడు ఆశువుగా మాటలు కడుతూ పుట్టింటి సంగతులు గుర్తు చేస్తాడు, ఫిడేలూ క్లారినెట్టూ ఆ పిల్ల చేత కన్నీళ్ళు పెట్టిస్తాయి. ఆ తర్వాతే పెళ్ళి. ఆ తర్వాత ఇక తెల్లవార్లూ గెంతులే. "అలాంటి ఇళ్ళ పిల్లలే అమెరికా వలసపోయి, కొందరు స్వింగు బ్యాండ్లలో చేరారు. సొంతంగా బ్యాండ్లు పెట్టినవాళ్ళూ ఉన్నారు. స్వింగు అక్కడి నల్లవాళ్ళు పుట్టించిన డాన్సు సంగీతం. వీళ్ళు అందులోకి తమ నాన్నల ఏడుపు పట్టుకెళ్ళారు. ఆ రికార్డులు బొంబాయి వచ్చాయి, మేం వాటిని విని నేర్చుకున్నాం. పక్క కుర్చీ ముసలాయన వింటూ, ఇది మా ఊరి పెళ్ళిరా అని ఏడ్చేవాడు" అన్నాడు మాస్టారు. ఆయన ఊదిన పెళ్ళి పాటలు మాకు పరాయిగా కూడా ఉండేవి కావు. మనం సరళీ వరసలు నేర్చుకునే మాయామాళవగౌళే, నిషాదాన్ని ఒక మెట్టు దించినట్టు.

"మాకు తిరగేసి మాస్టారూ. మొదట ఊరేగింపు, గెంతులు. ఏడుపు ఆఖర్న. దాంతో మేళం సరి" అని చెప్పాను ఒకసారి. ఆయన జాలిపడ్డాడు. "అయితే మీ క్లారినెట్టువాడు రోజూ ఏడుపుతోనే ఇంటికి పోతాడా? పాపం!" ఆ మాట నాకు చెప్పులో రాయిలా చాలా ఏళ్ళు గుచ్చుకుంది. స్వింగు తాళం పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది. డోలు ఇంట్లో పుట్టినవాణ్ణి, చప్పట్లు సరిగ్గా దెబ్బ మీదే వేసేవాణ్ణి. "దెబ్బ పడ్డాక కొట్టు బాబా, పడేటప్పుడు కాదు! ఒక్క క్షణం ఆలస్యంగా రా, పెళ్ళికి వచ్చే పెద్దమనిషిలాగా" అనేవాడు. వంటింట్లోంచి ఆంటీ గరిటెతో సరైన చోట కొట్టి చూపించేది. లూర్ద్ చెవులు మూసుకునేది.

హోటలు బ్యాండులో రెండో క్లారినెట్టు చోటు ఖాళీ అయినప్పుడు మాస్టారు నా పేరు చెప్పాడు. మేనేజరు ఒప్పుకుంటే నా వీసా చేతిలో ఉన్న కఫీలు దగ్గర పని మారడానికి కాగితం తెప్పించే పూచీ కూడా ఆయనే తీసుకున్నాడు. పరంజా దిగి నాన్న పనిలోకి తిరిగి వచ్చే దారి అదొక్కటే, అది నాకు తెలుసు. మేనేజరు వింటానన్న రాత్రి మాస్టారి కోటు తొడుక్కుని వేదికెక్కాను. భుజాల దగ్గర బిగుతు, చేతులు పొడుగు. పాటలో మొదటి రౌండ్లు బాగానే పోయాయి. జనం జంటలు జంటలుగా తిరుగుతున్నారు. నా వంతు రాగానే పైకి వెళ్ళాను, విరుపు దగ్గర ఈసారి కీచుమనలేదు. విరిగింది. నాన్నది విరిగినట్టే విరిగింది. ముందు బల్ల దగ్గర ఒకావిడ చేతిరుమాలు తీయడం కూడా చూశాను. ఇక నా చేతులు నా మాట వినలేదు. ఏడుపు అయింది కదా, మా ఇంటి కట్టుబాటు ప్రకారం రీడు ఊడదీశాను, తుడిచి జేబులో వేసుకున్నాను, దండం పెట్టి వేదిక దిగి వచ్చేశాను. అసలు గెంతుల రౌండు ఇంకా మిగిలే ఉంది. జంటలు ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయాయి. మాస్టారు పరుగున అందుకుని పాట పూర్తి చేశాడు గానీ, మేనేజరు ముఖం చూశాక ఇక అడగాల్సిన పని లేకపోయింది.

వంటింటి మెట్ల దగ్గర మాస్టారు నా భుజం పట్టుకున్నాడు. ఆయనకు కోపం లేదు, నాకు అదే భరించరానిదయింది. "ఏడుపు వచ్చేసింది, అది నీదే. ఇంకెవరూ లాక్కోలేరు. ఆఖరి రౌండు ఒక్కటే మిగిలింది. శుక్రవారం రా, నేర్పుతా" అన్నాడు. నేను వెళ్ళలేదు. ఆ శుక్రవారం వెళ్ళలేదు, తర్వాతి శుక్రవారమూ వెళ్ళలేదు. సిగ్గు ఒకటి, రెంటికీ చెడ్డ రేవడినయ్యానన్న ఉక్రోషం ఒకటి. ఎప్పుడో ధైర్యం కూడదీసుకుని వెళ్తే మేడ మీద తలుపుకి తాళం. కింద కోల్డ్ స్టోర్ అతను "ఖలాస్ భాయ్, గోవా పోయారు. హోటలు వాళ్ళు బ్యాండు తీసేశారు" అని, ఆంటీ ఇచ్చిపోయిన చిరునామా చీటీ చేతిలో పెట్టాడు. ఉత్తరం రాశాను. జవాబు వచ్చేసరికి మాస్టారు లేడు. ప్రతి క్రిస్మస్‌కీ ఆంటీకి ఫోన్ చేసేవాణ్ణి, ఆమె ఎప్పుడూ "ఊదుతున్నావా సత్యం?" అని అడిగేది. "ఆఁ" అని అబద్ధం చెప్పేవాణ్ణి. నాన్న కూడా పోయాడు. క్లారినెట్టు మంచం కింద ఉండిపోయింది. అన్నం పెట్టమని అడగలేదు, పాపం.

లూర్ద్ వచ్చి వెళ్ళిన వారానికి మల్లేశం స్కూలుకి వచ్చాడు. మధ్యలో రెండుసార్లు ఇంటికి పోయి మళ్ళీ ఇక్కడికే వచ్చిన మనిషి. తల నెరిసింది, నోరు మాత్రం అలాగే ఉంది. "మా మేనల్లునికి లగ్గం పెట్టుకున్నం. పిల్ల మీ దిక్కే, తుని. బాజా లేని పెండ్లి గూడ పెండ్లేనారా? నువ్వు ఊదాలె" అన్నాడు. నా పీక బంద్ పెట్టించినవాడే వచ్చి అడుగుతున్నాడు! పిల్ల పేరు దుర్గ. మొదట మా స్కూల్లోనే క్లీనింగు చేసి తర్వాత సీఫ్‌లో షాపింగ్ మాలుకి మారింది, నాకు బాగా తెలుసు. ఆ అమ్మాయి మాత్రం నా దగ్గరికి వచ్చి, "పాటలు ఊదండి బాబాయ్ గారూ, అప్పగింతలు మాత్రం వద్దండి. మా అమ్మ ఫోన్లో తప్ప రాదు. మర్నాడు అందరికీ డ్యూటీయే. ఏడ్చేసి ఎవరి గదికి వాళ్ళు పోవడమేనాండి? ఏడుపుతో ఆఖరవ్వకూడదండి" అంది. నాకు మాస్టారి ముఖం కళ్ళ ముందుకొచ్చింది. "అప్పగింతలు ఉంటాయమ్మా. కానీ ఏడుపుతో ఆఖరవ్వదు. నాది పూచీ" అన్నాను. ఇల్లు అలకగానే పండగా? అనేశాను గానీ, ముందరి రెండు పళ్ళు కట్టుడువి, పెదవికి పట్టు లేదు. రెండు నెలలు పిల్లలు ఇళ్ళకు పోయాక స్టోర్‌రూంలో మాస్టారి కాగితం గోడకి అతికించి సాధన చేశాను. ఇప్పటి రోజులకి ఒక సుఖం ఉంది. ఫోన్లో వెతికితే ఆ కాలం యూదుల పెళ్ళి మేళాలూ వినొచ్చు, స్వింగు బ్యాండ్లూ వినొచ్చు. మాస్టారు చెప్పినదాంట్లో బొంబాయి కబుర్లు ఎన్నో నాకు తెలీదు, ఆ విరుపు మాత్రం రెండింట్లోనూ ఉంది. మా నాన్నది ఒక్క స్వరం కూడా ఎక్కడా లేదు. ఉంటే నా దగ్గరే ఉండాలి.

పోయిన శుక్రవారం పొద్దున పెళ్ళి. అద్దె హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పక్క బిర్యానీ బగోనాలు. దుర్గ చేతులు పాలలో ముంచింది ఆమె గదిలో ఉండే ముగ్గురు ఆడవాళ్ళు. పెళ్ళికొడుకు వైపు పెద్దగా మల్లేశం చేతులు చాచాడు. వాళ్ళలో ఒకామె ఫోన్ ఎత్తి పట్టుకుంటే అందులో తల్లి, తల మీద కొంగు, వెనకాల తుని ఎండ. నేను ఊదడం మొదలుపెట్టాను. విరుపు దగ్గర ఎవర్నీ ఏడిపించాలని చూడలేదు. నేను వస్తానని ఆంటీ అన్నం వండి ఉంచిన శుక్రవారాలు గుర్తొచ్చాయి, అంతే. దుర్గ ఏడ్చింది. ఫోన్లో తల్లి ఏడ్చింది. మల్లేశం "ఏందిరో ఇది" అంటూ పెళ్ళికొడుకు కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. పాట ఆగింది. నా వేళ్ళు వాటంతట అవే రీడు బిగించిన మర దగ్గరికి పోయాయి. కాటుక కారిన ముఖంతో దుర్గ నా వంకే చూస్తోంది. "బాబాయ్ గారూ, మాటిచ్చారండి" అంది.

వేళ్ళు వెనక్కి తీసుకుని ఆఖరి రౌండు ఎత్తుకున్నాను. మొదట ఎవరికీ ఏం చేయాలో తోచలేదు, తర్వాత ఒకడు బగోనా మూత అందుకున్నాడు, మల్లేశం రెండు చేతులూ గాల్లోకి లేపి నడుం తిప్పాడు, పెళ్ళికూతురు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చి అతని ఎదుట నిలబడింది. అందరూ చప్పట్లు సరిగ్గా దెబ్బ మీదే కొడుతున్నారు, నాలాగే డోలు బుద్ధులు. ఫోన్లో తల్లి కూడా నవ్వుతూ చప్పట్లు కొడుతోంది. నెట్‌వర్కు వల్ల ఆమె చప్పట్లు ఒక్క క్షణం ఆలస్యంగా, దెబ్బ పడ్డాక, రోజారియో మాస్టారు ఏడాదిపాటు నా చేత కొట్టించాలని చూసిన చోట సరిగ్గా పడుతున్నాయి. ఊదుతూనే నవ్వొచ్చింది, స్వరం కాస్త వణికింది, పట్టుకున్నాను. రౌండు పూర్తయ్యాక ఇంకోసారి అన్నారు, ఇంకోసారి ఊదాను. ఇంటికి వచ్చి పెట్టెలో పెట్టబోతుంటే చూశాను, రీడు ఇంకా మూతికే ఉంది. అలా వదిలేస్తే పాడవుతుంది, నాన్న చూస్తే తిట్టేవాడు. తీయబుద్ధి కాలేదు. అలాగే పెట్టి మూత వేశాను.